ఈ అక్షరాలన్నీ ఉన్న పెద్ద మాట ఏది? వన్‌లుక్ మీద నా రివ్యూ

నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి, అవన్నీ వచ్చే పెద్ద మాటలు వెతికిపెట్టే మంచి సాధనం ఏదైనా ఉందా అని మాటల ఆటలు ఆడేవాళ్ళు, పిల్లలకి స్పెల్లింగ్ నేర్పేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఉంది. దాని పేరు వన్‌లుక్. చాలాకాలంగా వాడుతున్నాను. ఇంత పనికొచ్చే సైటుని సగం మంది అర్థం చూసుకోవడానికే వాడి వదిలేస్తున్నారని నాకు బాధ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. వారంవారం బోర్డు మీద కొన్ని అక్షరాలు రాసి, అవన్నీ ఉన్న మాటల్లో అన్నిటికంటే పొడవైనది పట్టుకురమ్మంటాను. ఆ అక్షరాలతోనే మాట కట్టాలని కాదు. అవి తప్పకుండా ఉండాలి, వాటి పక్కన ఇంకేవైనా ఉండొచ్చు. ఈ ఆటలో పిల్లలు డిక్షనరీని ఇష్టంగా తిరగేయడం చూశాను. అయితే అక్షరాలు ఇచ్చేముందు వాటికి జవాబులు ఏమేం ఉన్నాయో నాకు తెలియాలి కదా. ఏదీ దొరకని అక్షరాలు ఇస్తే పిల్లలు నిరుత్సాహపడతారు, మరీ తేలికవి ఇస్తే విసుగుపడతారు.

వర్డ్ ఫైండర్ అని వెతికితే వచ్చే సైట్లు, ఫోన్ యాప్‌లు చాలావరకు దీనికి సరిగ్గా తలకిందులైన పని చేస్తాయి. రెటీనా అనే మాటలో ఉన్న ఆర్, ఇ, టి, ఐ, ఎన్, ఎ అనే ఆరు అక్షరాలు వాటికి ఇచ్చి చూడండి. ట్రెయిన్, రెయిన్, నీట్, టీ, యాంట్ అంటూ ఆ ఆరింటిలోంచి పుట్టే చిన్న మాటలు కుప్ప పోస్తాయి. అక్షరాల పలకలతో బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్ళకి కావలసింది అదే. చేతిలో ఏడు పలకలు ఉంటాయి, బోర్డు మీద ఉన్న అక్షరాలు తప్ప వాటిని మించి వాడలేరు. నాకు కావలసింది అటువైపుది: ఈ ఆరూ ఉంటూ ఇంకా పెద్దవైన మాటలు.

తేడా చిన్నదే గానీ మొత్తం దాని మీదే ఉంది. మొదటి రకంలో, మాటలో ఏ అక్షరమూ మనమిచ్చిన లెక్కకి మించి ఉండకూడదు. రెండో రకంలో, మనమిచ్చిన ఏ అక్షరమూ మాటలో లెక్క తగ్గకూడదు. కంప్యూటర్‌కి ఈ రెండూ ఒకే కష్టం. రెండోది తయారుచేసి పెట్టాలని ఎక్కువమందికి తోచలేదు, అంతే. నేను వాడి చూసిన ఒక ఫోన్ యాప్‌లో ఈ సౌకర్యం ఉందని రాసి ఉంది. తీరా చూస్తే ప్రతి వెతుకులాటకీ ఒక వీడియో ప్రకటన, వచ్చిన జవాబులు ఎనిమిది అక్షరాల దగ్గర ఆగిపోవడం. పిల్లల చేతిలో పెట్టదగ్గది కాదని తీసేశాను.

వన్‌లుక్ 1996 నుంచి ఉంది. అది సొంత డిక్షనరీ కాదు. నెట్‌లో ఉన్న వెయ్యికి పైగా డిక్షనరీలు, పదకోశాలలో ఏ మాట ఎక్కడుందో చూపించే సెర్చ్ ఇంజిన్. అందుకే దాని మాటల జాబితా అంత పెద్దది. అర్థం కోసం మాట టైప్ చేసే పెట్టెలోనే కొన్ని గుర్తులు పెడితే వెతికే తీరు మారుతుంది. ఆ గుర్తులు నేర్చుకోవడానికి కాసేపు కూర్చుంటే చాలు. తర్వాత మామూలు వర్డ్ ఫైండర్‌ల వైపు చూడాలనిపించదు.

మొదట నా ఆటకి పనికొచ్చే గుర్తు. రెండు ఏటవాలు గీతలు // పెట్టి, వాటి వెనకే కావలసిన అక్షరాలు ఏ వరసలోనైనా రాయండి. చివర ఎన్ని అక్షరాలు తెలియనివి కావాలో అన్ని ప్రశ్నార్థకాలు ? పెట్టండి. ఇచ్చినవన్నీ ఉన్న, సరిగ్గా అంత పొడవున్న మాటలు వస్తాయి. ఒక ప్రశ్నార్థకం పెడితే ఒక్క అక్షరం పెద్దవి, రెండు పెడితే రెండు అక్షరాలు పెద్దవి. పొడవు ఇలా ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోయి, జవాబులు రావడం ఆగిన చోట అన్నిటికంటే పెద్ద మాట తేలుతుంది.

రెటీనా అక్షరాలకి ఒకటి కలిపి చూడండి, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. సి కలిపితే సర్టెన్. జి కలిపితే గ్రానైట్, ఇంకా టేరింగ్. పి కలిపితే పెయింటర్. ఇంకో ఇ కలిపితే ట్రెయినీ. ఇంకో టి కలిపితే నైట్రేట్. ఎమ్ కలిపితే మినరెట్, కె కలిపితే కెరటిన్, హెచ్ కలిపితే హెయిర్‌నెట్. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని ఇన్ని మాటల కడుపులో అవే ఆరు అక్షరాలు ఉన్నాయంటే పిల్లలు మొదట నమ్మరు, ఒక్కో అక్షరం కొట్టేసి చూసుకుంటారు. రెండు కలిపితే రియాక్షన్, క్రియేషన్, రిలేషన్, ఇంటర్వల్, మారినేట్. మూడు కలిపితే కంటైనర్, రిస్ట్రెయింట్. నాలుగుకి జెనరేషన్. ఇంకా పైకి వెళ్తే వెటరినేరియన్, ఎంటర్‌టైన్‌మెంట్, ఇంటర్నేషనల్.

ఎంటర్‌టైన్‌మెంట్, ఇంటర్నేషనల్ మాటలు పిల్లలు ఏ సాయమూ లేకుండానే పట్టేస్తారు. చిన్న మాట నుంచి ఒక్కో అక్షరం పెంచుకుంటూ పోయేవాళ్ళు గ్రానైట్ దగ్గర ఆగిపోతారు. మాట చివరి నుంచి ఆలోచించేవాళ్ళు ముందుకెళ్తారు. టి, ఐ, ఎన్ కనపడగానే చివర షన్ వచ్చే మాటలు తలచుకోవాలి. ఇ, ఎన్, టి ఉంటే మెంట్‌తో ముగిసేవి. ఆర్, ఇ ఉంటే ముందు రీ గానీ ఇంటర్ గానీ పెట్టి చూడాలి. ఇంగ్లీషులో పొడవైన మాటలు చాలావరకు ఇలా ముందొక ముక్క, వెనకొక ముక్క అతుక్కుని పెరిగినవే. వన్‌లుక్ ఇచ్చే జాబితాని పొడవు వారీగా బోర్డు మీద రాస్తే ఈ సంగతి నేను చెప్పకుండానే పిల్లలు కనిపెడతారు. నా దృష్టిలో ఈ సైటు వల్ల కలిగిన పెద్ద మేలు ఇదే.

అచ్చుల ఆట కూడా దీనితోనే. ఎ, ఇ, ఐ, ఓ, యు అయిదూ ఇచ్చి నాలుగు ప్రశ్నార్థకాలు పెడితే తొమ్మిది అక్షరాల మాటలు వస్తాయి. ఎడ్యుకేషన్ అందరికీ తెలుసు. న్యుమోనియా, ఆథరైజ్ అంత త్వరగా తట్టవు. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో రాస్తే ఫేవరెట్, బిహేవియర్ కూడా ఈ జాబితాలోకి వస్తాయి. అమెరికన్ పద్ధతిలో ఆ రెంటిలోనూ యు ఎగిరిపోతుంది కాబట్టి అవి పనికిరావు. వన్‌లుక్ రెండు పద్ధతుల డిక్షనరీలూ చూస్తుంది గనుక రెండూ ఇస్తుంది. క్లాసులో ఏది ఒప్పుకుంటారో ముందే చెప్పేయండి, లేకపోతే గొడవే. ఇంకో రెండు అక్షరాలు పెంచితే కాలీఫ్లవర్, మౌంటెనీర్ వస్తాయి.

అరుదైన అక్షరాల జంటలు పెద్ద పిల్లలకి బాగుంటాయి. జె, ఎక్స్ రెండూ ఉండాలంటే జూక్‌బాక్స్, జక్స్టపోజ్. క్యూ, ఎక్స్ రెండూ అంటే ఎక్స్‌చెకర్, క్విక్సాటిక్. ఇలాంటివి ఊరికే తలచుకుంటే రావు, అందుకని ఇక్కడ సాధనం సాయం తీసుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

ఇదంతా అక్షరాలు ఏ వరసలో ఉన్నా సరే అన్నప్పటి సంగతి. వరస తప్పకూడదు, మధ్యలో ఎన్ని అక్షరాలైనా రావచ్చు అన్నది ఇంకో ఆట. బండి నంబరు పలక మీద ఉన్న మూడు అక్షరాలతో ఆడేది ఇదే. దీనికి నక్షత్రం * వాడాలి. ఆ గుర్తుకి అర్థం ఎన్ని అక్షరాలైనా, లేదా ఏమీ లేకపోయినా అని. ఆర్, జి, ఎమ్ వచ్చాయనుకోండి. ప్రతి అక్షరానికి ముందూ వెనకా నక్షత్రం పెట్టి వెతికితే ప్రోగ్రామ్, ఆర్గ్యుమెంట్, పారడైమ్, అరేంజ్‌మెంట్, ఎంకరేజ్‌మెంట్ వస్తాయి. గ్రామర్‌లో ఆ మూడు అక్షరాలూ ఉన్నాయి గానీ ఆర్ తర్వాత జి లేదు కాబట్టి ఆ మాట రాదు. మ్యారేజ్ కూడా రాదు, అందులో ఎమ్ ముందే వచ్చేస్తుంది. ఈ తేడా తెలియక సైటు తప్పు చూపిస్తోందని అనుకునేవాళ్ళు ఉంటారు. అడిగే ముందు వరస కావాలా వద్దా అని తేల్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు. అయిదు అచ్చుల్నీ ఇదే పద్ధతిలో వరసగా పెట్టి వెతికితే ఫసీషస్, అబ్స్టీమియస్ దొరుకుతాయి. ఎ నుంచి యు దాకా ఒక్కొక్కటీ తన వంతులో, ఒక్కసారే వచ్చిన మాటలవి.

మూడోది, అక్షరాలు పక్కపక్కనే అతుక్కుని ఉండాలన్నది. రెండు చివర్లా నక్షత్రం, మధ్యలో అక్షరాలు. ఎమ్, పి, కె అంటే పంప్‌కిన్. డబ్ల్యూ, కె, డబ్ల్యూ అంటే ఆక్‌వర్డ్. సి, కె, జి, ఆర్ అంటే బ్యాక్‌గ్రౌండ్. హల్లులు ఇలా గుంపుగా వస్తే పిల్లలకి పజిల్‌లా ఉంటుంది, నిజానికి అక్కడ జరిగేది స్పెల్లింగ్ పాఠం. పి, హెచ్, టి, హెచ్ అనే నాలుగు అక్షరాల కట్ట తీసుకోండి. డిఫ్తీరియా, నాఫ్తలీన్, డిఫ్తాంగ్, కంటి డాక్టర్‌ని చెప్పే ఆఫ్తల్మాలజిస్ట్, అన్నిటిలోనూ ఆ కట్టే. పి పక్కన హెచ్ మర్చిపోవడం ఈ మాటల్లో అందరూ చేసే పొరపాటు. ఒక్కో మాటని విడిగా బట్టీ పట్టించే బదులు ఆ కట్టని ఒకసారి వెతికించి జాబితా రాయిస్తే, ఆ తర్వాత హెచ్ ఎగరగొట్టడం బాగా తగ్గింది. పదిహేను అక్షరాల ఆఫ్తల్మాలజిస్ట్‌ని తప్పు లేకుండా రాసినప్పుడు ఆ మొహాల్లో వెలుగు చూడాలి.

ఇంకొకటి చెప్పి తీరాలి, ప్లస్ గుర్తు. నక్షత్రం, ప్లస్, తర్వాత కొన్ని అక్షరాలు రాస్తే ఆ అక్షరాలు తప్ప వేరేవి లేని మాటలు ఇస్తుంది. ఒక్కో అక్షరం ఎన్నిసార్లు వచ్చినా ఫర్వాలేదు. బి, ఎ, ఎన్ ఇస్తే బనానా వచ్చేది అందుకే. ఇది నా ఆటకి దగ్గరగా కనిపిస్తుంది గానీ వేరే ఆట. అయినా దీనిలోనూ పెద్ద మాటలు దొరుకుతాయి. ఎస్, ఇ, ఎన్, ఎల్ నాలుగే నాలుగు అక్షరాలు ఇవ్వండి: సెన్స్‌లెస్‌నెస్ వస్తుంది, పదమూడు అక్షరాలు! నాకు ఆ మాట కాగితం మీద చూస్తేనే ఎంత ముచ్చటో. మైనస్ గుర్తు పెడితే దాని వెనకున్న అక్షరాలు లేని మాటలు వస్తాయి. అయిదక్షరాల మాట కనిపెట్టే వర్డిల్ ఆడేవాళ్ళకి అది వరం.

ఒక కోలన్ పెట్టి పక్కన ఏదైనా మాట రాస్తే, అక్షరాల షరతుతో పాటు అర్థం షరతు కూడా పెట్టొచ్చు. పి, ఎల్‌తో మొదలై మేఘానికి సంబంధించిన మాటలు అన్నట్టు. క్రాస్‌వర్డ్ కట్టేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. నేను అరుదుగా వాడతాను.

ఇక లోపాలు. జాబితా పెద్దది కావడమే ఇబ్బంది. వెయ్యి డిక్షనరీలంటే అందులో ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, సంక్షిప్తాలు, రెండు మూడు మాటలు కలిసిన పదబంధాలు, మందుల పేర్లు అన్నీ ఉంటాయి. పన్నెండు అక్షరాలు దాటాక జాబితాలో రసాయన శాస్త్రం మాటలే గుంపుగా కనిపిస్తాయి. పిల్లలకి ఇచ్చేముందు నేను కూర్చుని ఏరుకోవాలి. మాట మీద నొక్కితే ఏయే డిక్షనరీల్లో ఉందో చూపిస్తుంది కాబట్టి ఏరడం కష్టం కాదు. మనందరికీ తెలిసిన పెద్ద డిక్షనరీలు రెండు మూడింటిలో లేని మాటని నేను ఒప్పుకోను. పొడవు ప్రశ్నార్థకాలతో చెప్పుకుంటూ పోవడం కూడా కాస్త చాకిరీయే. అన్నిటికంటే పెద్దది ఇవ్వు అని ఒక్క మాటలో అడగగలిగితే ఎంత బాగుండేదో. ఈ గుర్తుల వివరణ కూడా పెట్టె కిందే పెద్దక్షరాలతో ఉంటే బాగుండును. కొత్తగా వచ్చినవాళ్ళు అర్థాలు చూసే సైటనుకుని వెళ్ళిపోతున్నారు.

నెట్ లేనప్పుడు ఏం చేయాలి? నేను కంప్యూటర్‌లో ఒక మాటల ఫైలు ఉంచుకున్నాను. వరసకి ఒక మాట చొప్పున ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు. ఎనేబుల్ అనే జాబితా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో 1,70,000కి పైగా మాటలు ఉన్నాయి. దాన్ని గ్రెప్ అనే పాత యూనిక్స్ ఆదేశంతో వెతకొచ్చు. 1973లో కెన్ థాంప్సన్ రాసిన ప్రోగ్రామ్, ఇప్పటికీ నిక్షేపంలా పనిచేస్తోంది. క్యూ ఉన్న వరసలు ఏరమని ఒకసారి, వచ్చినవాటిలో ఎక్స్ ఉన్నవి ఏరమని ఇంకోసారి, అలా ఒక జల్లెడ కింద ఇంకో జల్లెడ పెట్టుకుంటూ పోవడమే. చివర పొడవును బట్టి వరసలో పెట్టమంటే అన్నిటికంటే పెద్దది పైకొస్తుంది. వన్‌లుక్‌లో నేను కోరుకుంటున్న సౌకర్యం ఇక్కడ ఉంది. ఒకే అక్షరం రెండుసార్లు ఉండాలంటే మాత్రం ఊరికే రెండు జల్లెడలు పెడితే కుదరదు. మొదటి జల్లెడ దాటిన మాట రెండోది కూడా దాటేస్తుంది. ఆ అక్షరం, మధ్యలో ఏమైనా, మళ్ళీ ఆ అక్షరం అని ఒకే జల్లెడలో చెప్పాలి.

మ్యాక్ వాడేవాళ్ళకి మాటల ఫైలు ఒకటి సిస్టమ్‌లోనే ఉంటుంది. అయితే అది 1934 నాటి వెబ్‌స్టర్ రెండో అంతర్జాతీయ డిక్షనరీ నుంచి తీసినది. రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా మాటలున్నా, తర్వాత పుట్టిన ట్రాన్సిస్టర్ లాంటివి దొరకవు. బహువచనాలు, ఇంగ్ చేర్చిన రూపాలు కూడా చాలావరకు ఉండవు. పెద్ద మాటలు వెతికే ఆటలో ఆ రూపాలు లేకపోవడం ఒక్కోసారి మంచిదే. చివర ఎస్ తగిలించి గెలిచేద్దామనే పిల్లల్ని ఆపుతుంది. కానీ క్లాసులో అది ఒక్కటే పెట్టుకుంటే ఈనాటి పిల్లలకి అన్యాయం.

స్క్రాబుల్ పోటీలకి సిద్ధమయ్యేవాళ్ళు వన్‌లుక్ మీద ఆధారపడకండి. అక్కడ కనిపించిన ప్రతి మాటా ఆటలో చెల్లదు. ఉత్తర అమెరికాలో ఒక జాబితా, మిగతా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా నడుస్తాయి, రెండింటికీ తేడాలున్నాయి. పోటీ ఆటగాళ్ళు జిజీవా అనే ప్రోగ్రామ్ వాడతారు. ఇచ్చిన అక్షరాలు ఉండాలి అనే షరతు, పొడవు ఇంతకి తక్కువ ఉండకూడదు అనే షరతు, రెండూ ఒకేసారి పెట్టి, జాబితా కూడా ఎంచుకోవచ్చు. చేతిలోని ఏడు పలకలకి బోర్డు మీదున్న ఒక అక్షరం కలిపి ఎనిమిదక్షరాల మాట వేస్తే ఏడు పలకలూ ఒకేసారి అయిపోయినందుకు 50 పాయింట్లు అదనంగా వస్తాయి. అలాంటి మాటలు సాధన చేయడానికి అదే సరైనది. క్లాసుకీ, ఇంట్లో సరదాగా ఆడుకోవడానికీ మాత్రం నేను వన్‌లుక్‌నే తెరుస్తాను. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ తగ్గించిన అర, పొడవు వరస పెట్టమని ఒక్క మాటలో అడిగే వీలు లేనందుకు.